పైపు పొగాకులో ఆ వెనిల్లా వాసన ఎక్కడిది?

అమెరికాలో ఉన్న మనవాళ్ళలో సరదాకి పైపు తాగే పెద్దమనుషులూ కొందరున్నారు. కొత్త రకం పొగాకు డబ్బా మూత తియ్యగానే వెనిల్లా, చెర్రీ, రమ్ము వాసన గుప్పుమంటుంది. "నాన్నా, భలే వాసన!" అంటూ పిల్లలు కూడా దగ్గరికి చేరతారు. ఆ వాసన ఎక్కడినుంచి వస్తుందో, దాని వెనకాల ఏముందో ఈవారం చెప్పుకుందాం.

గుంటూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళకి పొగాకు గురించి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. బేరన్‌లో వేడికి పదునెక్కి పసుపు తిరిగిన వర్జీనియా ఆకులో చక్కెర ఎక్కువ. నీడపట్టున గాలికి ఆరిన బర్లీ ఆకులో చక్కెర చాలా తక్కువ. కాని ఏ రసం పోసినా స్పాంజిలా పీల్చుకుంటుంది. పైపు మిశ్రమాల్లో ఎక్కువగా కనిపించేవి ఈ రెండే.

డబ్బా మీద కనిపించే కేవెండిష్ అన్నది ఆకు జాతి కాదు, తయారుచేసే పద్ధతి. ఆకుని తీపి పాకంలో తడిపి, ఆవిరి పట్టి, బరువు కింద నొక్కి ఉంచితే మెత్తబడి రంగు తిరుగుతుంది. చివర్లో వెనిల్లాలాంటి సుగంధం చల్లుతారు. ఎండిపోకుండా చాలా రకాల్లో ప్రొపిలీన్ గ్లైకాల్ కలుపుతారు. అంటే మన జర్దాకి అత్తరు పట్టించినట్టే. వాసన పైపూత, లోపల ఉన్నది పొగాకే.

కొత్తరకం రుచి చూసే అలవాటున్నవాళ్ళు దాన్ని కాసేపు ఆరబెట్టి, మొక్కజొన్న కండెతో చేసిన చవక పైపులో వేసుకుంటారు. తడిగా ఉంటే ఆవిరికి నాలుక చురుక్కుమంటుంది. మంచి చెక్కపైపులో వేస్తే ఆ వాసన పట్టేసి, తర్వాత వేసే పొగాకుకి కూడా అంటుకుంటుంది.

తమాషా ఏమిటంటే, తాగేవాడి నోటికి ఆ వెనిల్లా పెద్దగా తెలియదు. దాని ఘుమఘుమంతా గదిలో ఉన్నవాళ్ళకే! వాసన బాగుంది కాబట్టి ఎవరూ కిటికీ తియ్యరు, లేచి వెళ్ళరు. పక్కవాళ్ళ పొగ ఏ కాస్త పీల్చినా ప్రమాదమేనని అమెరికా సర్జన్ జనరల్ 2006 నివేదికలో తేల్చిచెప్పారు.

"పొగ లోపలికి పీల్చం కదండీ" అంటారు కొందరు. పీల్చకపోయినా నోటి పొరల ద్వారా నికొటిన్ రక్తంలోకి వెళుతుంది. నోటికి, గొంతుకి కేన్సర్ ముప్పూ ఉంది. శ్రీకాకుళం వైపు నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ళకి అంగిట్లో కేన్సర్ రావడం మన డాక్టర్లకు బాగా తెలిసిన సంగతే. పాకం పట్టినంత మాత్రాన పొగ గుణం మారదు.

పిల్లల్ని ఆకర్షిస్తాయనే 2009లో అమెరికా చట్టం సిగరెట్లలో పళ్ళ రుచుల్ని, మిఠాయి రుచుల్ని నిషేధించింది. పైపు పొగాకుకి మాత్రం ఆ నిషేధం పెట్టలేదు. కాబట్టి ఆ జాగ్రత్త ఇంట్లోవాళ్ళే తీసుకోవాలి.

మానేస్తే అంతకన్నా మంచిది లేదు. మానలేనివాళ్ళు ఇంట్లోనూ కార్లోనూ ముట్టించకండి. డబ్బాకి తాళం వెయ్యండి. తియ్యటి వాసన చూసి చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటే ఆ నికొటిన్ విషమే. అలా జరిగితే వెంటనే పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222కి ఫోన్ చెయ్యండి. పిల్లలు "భలే వాసన" అన్నప్పుడు, అది వెనిల్లాది, పొగాకుది కాదని విప్పి చెప్పండి.

వచ్చేవారం మళ్ళీ కలుసుకుందాం. సెలవు.