అమ్మాయి ఊరు ఎంత దూరం?

మొన్న మా కొత్తగూడలో పక్కింటి పిన్నిగారు విమానం టికెట్టు పట్టుకుని వచ్చారు. డాలస్‌లో ఉన్న కూతురికి పురుడు పోయడానికి జనవరిలో ఒంటరిగా వెళ్తున్నారు. "పొద్దున్న పదింటికి ఎక్కితే ఆ రాత్రి తొమ్మిదిన్నరకే దిగుతానుటమ్మా! పదకొండున్నర గంటలే. తిరుపతికి రైల్లో వెళ్ళినంత సేపు!" అని ఒకటే సంబరం. ఆ లెక్కనే బి.పి., షుగరు మాత్రలు ఒక్క పూటకి చేతిసంచిలో ఉంచుకుని, మిగిలినవి పెద్ద పెట్టెలో సర్దేశారు.

చూశారా, చిక్కంతా అక్కడే ఉంది. టికెట్టు మీద ఏ ఊరి వేళ ఆ ఊరిదే వేస్తారు. చలికాలంలో డాలస్ గడియారం మనకంటే పదకొండున్నర గంటలు వెనక. వేసవిలో వాళ్ళు గడియారం ఒక గంట ముందుకు తిప్పుకుంటారు కనుక అప్పుడు పదిన్నర. అంటే పిన్నిగారు దిగే రాత్రి తొమ్మిదిన్నర మనకి మర్నాడు ఉదయం తొమ్మిది! దుబాయికి 4 గంటలు, అక్కడ విమానం మారడానికి 3, ఆ పైన 16. వెరసి 23 గంటలు.

మరి దూరమెంత? పిల్లల గ్లోబు మీద హైదరాబాదు నుంచి డాలస్‌కి ఒక దారం బిగించి చూడండి. అది తూర్పుకీ పోదు, పడమటికీ పోదు. ఉత్తర ధ్రువం పక్కగా పోతుంది! రెండు ఊళ్ళూ భూగోళానికి దాదాపు చెరో వైపు ఉండటమే కారణం. ఆ దారం కొలత సుమారు 14,400 కిలోమీటర్లు. దుబాయి మీదుగా అయితే 15,500 దాకా అవుతుంది.

తిరుగు ప్రయాణంలో ఇంకో వింత. ఆకాశంలో బాగా ఎత్తున పడమటి నుంచి తూర్పుకి బలమైన గాలులు వీస్తాయి. వచ్చేటప్పుడు అవి వెనకనుంచి తోస్తాయి కనుక గంటా రెండు గంటలు కలిసి వస్తుంది. కాని టికెట్టు చూస్తే మధ్యాహ్నం బయల్దేరి మర్నాడు రాత్రికి చేరినట్టుంటుంది. కంగారు పడకండి, అదీ గడియారాల తేడాయే.

ఇంటి గుమ్మం నుంచి గుమ్మానికి లెక్క వేసుకోండి. కొత్తగూడ నుంచి శంషాబాదుకి గంట పైనే. విమానానికి మూడు గంటల ముందు ఉండాలి. దిగాక తనిఖీలకి, పెట్టెలకి, కారు ప్రయాణానికి మరో రెండు గంటలు. మొత్తం ఇరవై తొమ్మిది గంటల మాట!

అందుకని మాత్రలన్నీ, డాక్టరు చీటీతో సహా, చేతిసంచిలోనే ఉండాలి. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో బయల్దేరే ముందే డాక్టరుగారిని అడిగి కాగితం మీద రాయించుకోండి. చేతి గడియారం దిగేదాకా మన టైములోనే ఉంచండి. గంటకో రెండు గంటలకో లేచి నాలుగడుగులు వేయండి, మంచినీళ్ళు తాగండి. నడవలేని వారు చక్రాల కుర్చీ కావాలని టికెట్టు కొనేటప్పుడే చెప్పవచ్చు.

పిన్నిగారు ఆ రోజే పెట్టె విప్పి మాత్రలు పైకి తీశారు. "తిరుపతి కాదే, కాశీ ప్రయాణమే!" అన్నారు నవ్వుతూ. మీరూ ఒకసారి లెక్క చూసుకోండి మరి. సెలవు.