మానిటర్ కొనేముందు మిల్లీసెకన్ల లెక్క

గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే క్రికెట్ బంతి సెకనులో అరవయ్యో వంతులో దాదాపు 65 సెంటీమీటర్లు ముందుకొస్తుంది. సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చే మానిటర్ మీద ఆ బంతి సాఫీగా రాదు, మూరన్నర చొప్పున గెంతుతూ వస్తుంది. బొమ్మ 144 సార్లు మారితే గెంతు 27 సెంటీమీటర్లకు తగ్గుతుంది, జానకు కాస్త ఎక్కువ. 240 సార్లు మారితే 16 సెంటీమీటర్లు.

తక్కువ ఖర్చులో గేమింగ్ మానిటర్ కొనాలనుకునేవాళ్లు ముందుగా చూడాల్సింది ఈ మూడు గెంతులనే. మొదటి మెట్టులో 38 సెంటీమీటర్లు తగ్గింది, రెండో మెట్టులో 11 మాత్రమే. పెట్టె మీద రిఫ్రెష్ రేటును హెర్ట్జ్‌లలో వేస్తారు. దాన్ని కాలంలోకి మార్చి చూడండి. 60 హెర్ట్జ్ దగ్గర ఒక బొమ్మ తెర మీద 16.7 మిల్లీసెకన్లు ఉంటుంది, 144 దగ్గర 6.9, 240 దగ్గర 4.2, 360 దగ్గర 2.8. అంకె పెరిగినకొద్దీ ధర పెరుగుతుంది కానీ చేతికొచ్చే లాభం తరుగుతూ పోతుంది. జేబు చూసుకుని కొనేవాళ్లకు 144 నుంచి 180 మధ్య ఆగడం తెలివైన పని.

బొమ్మ ఆగినా కన్ను ఆగదు

పాత గాజు బుడ్డి టీవీలో ప్రతి చుక్కా తళుక్కున మెరిసి ఆరిపోయేది. నేటి ఎల్‌సీడీ తెర అలా కాదు, తర్వాతి బొమ్మ వచ్చేదాకా ఉన్నదాన్నే పట్టుకుని ఉంటుంది. పరుగెత్తే శత్రువును మన కన్ను మాత్రం ఆగకుండా వెంబడిస్తుంది. కదలని బొమ్మ మీద కన్ను కదిలితే ఆ బొమ్మ రెటీనా మీద సాగి అలుక్కుపోతుంది. సెకనుకు 960 పిక్సెళ్ల వేగంతో వెళ్లే వస్తువు 60 హెర్ట్జ్ తెర మీద సుమారు 16 పిక్సెళ్ల మేర మసకబారుతుంది. 144 దగ్గర ఆ మసక ఏడు పిక్సెళ్ల లోపే. పిక్సెల్ ఎంత చురుగ్గా రంగు మార్చినా ఈ మసక పోదు.

ఆ పిక్సెల్ చురుకుదనం మరో కథ. 1888లో ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ రైనిట్సర్ ప్రాగ్‌లో కొలెస్ట్రాల్ సంబంధిత పదార్థమొకదాన్ని వేడిచేస్తూ వింత గమనించాడు. అది 145 డిగ్రీల దగ్గర కరిగి మబ్బు పట్టినట్టు ఉండిపోయింది, 179 దగ్గర తేటపడింది. ఆ మబ్బు దశే ద్రవ స్ఫటికం. మన తెరల్లో ఇలాంటి అణువులు విద్యుత్తు తగలగానే తిరిగి, వెనక దీపం కాంతిని వదలడమో ఆపడమో చేస్తాయి. తిరగడానికి కొంత సమయం పడుతుంది. అవి ఎలా తిరుగుతాయన్నదే ప్యానెల్ రకాన్ని తేలుస్తుంది.

ఐపీఎస్ ప్యానెల్‌లో అణువులు తెరకు సమాంతరంగా తిరుగుతాయి. పక్కనుంచి చూసినా రంగులు మారవు. కానీ తెలుపు నలుపు కంటే సుమారు వెయ్యి రెట్లే ప్రకాశంగా ఉంటుంది కాబట్టి చీకటి గదిలో నలుపు బూడిద రంగుగా తేలుతుంది. వీఏ ప్యానెల్‌లో అణువులు నిలువుగా నిలబడి కాంతిని గట్టిగా అడ్డుకుంటాయి. అందుకే అదే నిష్పత్తి మూడు వేలకు అటూఇటూ ఉంటుంది. దీని బలహీనత చీకటి దృశ్యాల్లో బయటపడుతుంది. నలుపు నుంచి ముదురు బూడిదకు మారడంలో వెనకబడి, కదిలే వస్తువు వెంట నల్లటి తోకను వదులుతుంది. వాలొరంట్ లాంటి వేగమైన ఆటలు ఆడేవాళ్లకు ఐపీఎస్, దీపాలార్పి సినిమాలూ కథల ఆటలూ చూసేవాళ్లకు వీఏ నప్పుతాయి.

పెట్టె మీది ‘1 మిల్లీసెకను’ను మాత్రం అనుమానంగానే చూడండి. అది చాలాసార్లు అణువులను బలవంతంగా తోసే సెట్టింగులో, అన్నిటికన్నా అనుకూలమైన రంగు మార్పు దగ్గర వచ్చిన అంకె. ఆ సెట్టింగు ఇంట్లో పెడితే వస్తువుల వెనక తెల్లటి నీడలు కనిపించవచ్చు. ఆ అంకె పక్కన ఎంపీఆర్‌టీ అని ఉంటే, దీపాన్ని ఆర్పి వెలిగిస్తూ సాధించిందన్నమాట. అలా చేస్తే తెర వెలుతురు తగ్గుతుంది.

ఎంత పెద్ద తెర?

24 అంగుళాల తెర మీద 1920×1080 పిక్సెళ్లుంటే అంగుళానికి సుమారు 92 పడతాయి. అవే పిక్సెళ్లు 27 అంగుళాల మీద పరిస్తే 82 మిగిలి, బల్ల దగ్గర కూర్చుంటే అక్షరాల అంచులు గరుకుగా కనిపిస్తాయి. 27 అంగుళాలకు 2560×1440 సరైన జోడీ. అయితే అక్కడ గ్రాఫిక్స్ కార్డు 20.7 లక్షలకు బదులు 36.9 లక్షల పిక్సెళ్లు గీయాలి. కార్డు సాధారణమైనదైతే 24 అంగుళాలకే కట్టుబడండి.

కార్డు ఒక్కో బొమ్మనూ ఒక్కో వేగంతో గీస్తుంది, తెరేమో గడియారంలా మారుతుంది. పాత బొమ్మ పైభాగమూ కొత్త బొమ్మ కిందిభాగమూ కలిసిపోయి దృశ్యం అడ్డంగా చిరిగినట్టు కనిపించడం ఈ పొంతన లేకనే. అడాప్టివ్ సింక్ ఉన్న తెర కార్డు కోసం ఆగుతుంది. ఒకప్పుడు ఎన్‌విడియా కార్డులకు ప్రత్యేక చిప్ ఉన్న ఖరీదైన తెరలే కావలసివచ్చేవి. 2019 జనవరి నుంచి ఆ కంపెనీ మామూలు అడాప్టివ్ సింక్ తెరలకూ దారి తెరిచింది. కాబట్టి ఈ సదుపాయం లేని గేమింగ్ తెరను ఇప్పుడు కొనకండి. చవక తెరల మీది హెచ్‌డీఆర్ ముద్రకు మాత్రం అదనంగా రూపాయి పెట్టకండి. వెనక దీపాన్ని భాగాలుగా మసకబార్చే ఏర్పాటు లేనప్పుడు ఆ ముద్ర వల్ల ఒరిగేది కొంచెమే.

ఇంటికి తెచ్చాక

కొత్త తెర చాలా ఇళ్లలో 60 హెర్ట్జ్ దగ్గరే పనిచేస్తూ ఉంటుంది. విండోస్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే సెట్టింగుకు వెళ్లి రేటును మనమే పెంచాలి. కేబుల్‌ను మదర్‌బోర్డుకు కాక గ్రాఫిక్స్ కార్డుకే గుచ్చాలి. పాత హెచ్‌డీఎంఐ పోర్టు పూర్తి రేటును అందుకోలేకపోవచ్చు. డిస్‌ప్లేపోర్ట్ ఉంటే అదే వాడండి.

ఆపైన మౌస్ బాణాన్ని తెర మీద గుండ్రంగా వేగంగా తిప్పండి. 60 దగ్గర బాణాలు దూరదూరంగా విడివిడిగా కనిపిస్తాయి. రేటు పెంచి మళ్లీ తిప్పితే అవి దగ్గరకు జరిగి ఒత్తుగా పేరుకుంటాయి. బంతి గెంతు తగ్గిన సంగతి మీ బల్ల మీదే తేలిపోతుంది. తేడా కనబడలేదా? తెరను తిట్టుకునేముందు సెట్టింగును మరోసారి చూడండి.