కనికరమునకును అబ్బురమునకును నడుమ

సూర్యభగవానుని రథమును నడపు సారథికి తొడలు లేవు. తల్లి వినత తొందరపడి గ్రుడ్డును పగులగొట్టుటచే సగము దేహముతోనే జన్మించిన అనూరుని చేతికే గుఱ్ఱముల పగ్గములు దక్కెనని మన పురాణములు చెప్పుచున్నవి. మఱియొక ప్రక్క, కన్నులు లేని కారణమున ధృతరాష్ట్రునికి పెద్దవాడైయుండియు పట్టాభిషేకము తప్పిపోయెను. ఎనిమిది వంకరల మేనితో జనకుని సభలో అడుగిడిన అష్టావక్రుని చూచి సభాసదులు పకపక నవ్విరని లోకమున ఒక కథ ప్రచారములో నున్నది. పనిని చూచి పగ్గములిచ్చిన దృష్టి యొకటి. మేనిని చూచి నవ్విన దృష్టి మఱియొకటి. ఈ రెండును నేటికిని మన నడుమ సజీవముగనే యున్నవి. అవి క్రీడారంగమున బయటపడినంత స్పష్టముగ వేఱెచ్చటను బయటపడవు. ఏలయన, క్రీడ యనగా మనుష్యుని దేహమును నలుగురి యెదుట నిలిపి కొలుచు వ్యవహారము.

ఆసుపత్రి ఆవరణము నుండి

వికలాంగుల క్రీడలు ఒక వైద్యుని పట్టుదల వలన పెంపొందినవి. లుడ్విగ్ గుట్మన్ 1899లో, నాడు జర్మనీకి చెందిన టోస్ట్ పట్టణమున, యూదు కుటుంబమున జన్మించెను. నాజీల యేలుబడిలో బ్రతుకు దుర్భరము కాగా, నాడీవైద్యమున పేరెన్నికగన్న ఆయన 1939లో ఆలుబిడ్డలతో ఇంగ్లండునకు తరలిపోయెను. 1944లో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రియందు వెన్నెముక గాయములకు ప్రత్యేక చికిత్సాకేంద్రమును నడపు భారము ఆయనపై బడినది. వెన్నుపాము దెబ్బతిన్న సైనికునిపై ఆనాటి వైద్యులు ఆశ వదలుకొనుట పరిపాటి. మంచమునంటి పడియుండుటచే పుట్టిన పుండ్లును, మూత్రమార్గమున చేరిన చీమును కలిసి చాలమందిని కొలదికాలములోనే బలిగొనెడివి. గుట్మన్ రేయింబవళ్లు రెండేసి గంటలకొకసారి రోగులను ప్రక్కకు ఒత్తిగిలజేయించెను. ప్రాణము నిలిచిన పిమ్మట వారిచేత పని చేయించెను, పిదప ఆటలాడించెను. చక్రముల కుర్చీలో కూర్చున్నవాని భుజములకు బలమును, నడుమునకు నిలకడయును ఇచ్చునని విలువిద్యను ఎన్నుకొనెను.

1948 జూలై 29వ తేదీన లండనులో ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైన దినముననే, ఆ ఆసుపత్రి ఆవరణములో పదునాలుగురు పురుషులు, ఇద్దరు స్త్రీలు విల్లు చేతబట్టి పోటీపడిరి. 1952లో డచ్చి సైనికులు వచ్చి చేరుటతో అది అంతర్జాతీయమాయెను. 1960లో రోము నగరమున 23 దేశముల నుండి సుమారు నాలుగువందలమంది పాల్గొనిరి. దానినే తరువాతివారు తొలి పారాలింపిక్ క్రీడలుగా లెక్కించిరి. 1976లో టొరంటోలో చూపులేనివారికిని, అంగములు కోల్పోయినవారికిని ప్రవేశము లభించెను. 1988లో సియోలునందు ఒలింపిక్ క్రీడలు జరిగిన మైదానములే వీరికిని దొరికినవి. మఱుసటి యేడు అంతర్జాతీయ పారాలింపిక్ సంఘము వెలసినది. బధిరులు అంతకు ముందే, 1924లోనే, పారిసు నగరమున తమ అంతర్జాతీయ క్రీడలను తామే నడుపుకొనియుండిరి.

ఇట్లు చికిత్సగా మొదలైనది నాలుగు దశాబ్దములలో ఉన్నతశ్రేణి క్రీడగా పెరిగినది. జనుల దృష్టి మాత్రము ఆ వేగముతో పెరుగలేదు. ఆటగాడు ఆసుపత్రి గుమ్మమును ఏనాడో దాటిపోయెను, చూచువాడు ఆ గుమ్మముకడనే నిలిచి, "ఇప్పుడెట్లున్నది?" అని పరామర్శించుచున్నాడు.

మఱపు అను శిక్ష

మహారాష్ట్రమునకు చెందిన మురళీకాంత్ పేట్కర్ భారత సైన్యమున ఉద్యోగి, మంచి ముష్టియోధుడు. 1965 యుద్ధములో తుపాకిగుండ్లు తగిలి నడుము క్రింది భాగము చచ్చుబడగా, ఆయన ఈతను అభ్యసించెను. 1972లో జర్మనీలోని హైడల్‌బర్గ్ నగరమున జరిగిన పారాలింపిక్ క్రీడలలో 50 మీటర్ల ఈతను 37.33 సెకండ్లలో ముగించి, ప్రపంచ రికార్డుతో స్వర్ణపతకము గెలిచెను. భారతదేశమునకు ఆ క్రీడలలో లభించిన మొదటి స్వర్ణమది. 2008లో అభినవ్ బింద్రా ఒలింపిక్ స్వర్ణమును సాధించినపుడు, ఒంటిగా నిలిచి స్వర్ణము తెచ్చిన తొలి భారతీయుడితడే యని దేశమంతయు పొంగిపోయెను. ఒలింపిక్ క్రీడల వఱకు ఆ మాట నిజమే. కాని అంతకు 36 ఏండ్ల క్రిందటనే మఱియొకడు తెచ్చియున్నాడని ఆనాడు తలచుకొన్నవారు ఎందఱు? పేట్కరునకు పద్మశ్రీ బిరుదము 2018లో వచ్చెను; అనగా స్వర్ణము గెలిచిన 46 సంవత్సరములకు. ఈదినది అరనిమిషమునకు కొంచెము పైగా. గుర్తింపునకు వేచినది దాదాపు అర్ధశతాబ్దము.

రాజస్థానునకు చెందిన దేవేంద్ర ఝఝారియాది మఱియొక తీరు. ఎనిమిదేండ్ల ప్రాయమున చెట్టెక్కుచు విద్యుత్తీగె తగిలి ఎడమచేతిని కోల్పోయిన ఆయన, 2004లో ఏథెన్సునందు బల్లెమును 62.15 మీటర్లు విసరి స్వర్ణమందుకొనెను. తరువాతి రెండు పారాలింపిక్ క్రీడలలో, 2008లోను 2012లోను, ఆయన తరగతికి బల్లెపు పోటీయే లేకపోయినది. పండ్రెండేండ్లు కాచుకొని 2016లో రియో నగరమున 63.97 మీటర్లు విసరి తన రికార్డును తానే దాటెను. ఆటగాని వయస్సులో పండ్రెండేండ్లనగా ఒక జీవితకాలము. ఆ నిరీక్షణములోని సాధనను మెచ్చుకొనువారికంటె, ఆయన లేని చేతిని తలచి నిట్టూర్చువారే యెక్కువ.

మూడు చూపులు

వికలాంగ క్రీడాకారులపై లోకము ప్రసరింపజేయు చూపులు మూడు విధములు. మొదటిది కనికరము. ఇది మేలైన గుణమేకదా యని తోచవచ్చును. కాని కనికరమునకు పోటీ కనబడదు. అందఱికిని సమానముగ చప్పట్లు కొట్టి, "పాల్గొనుటయే గొప్ప" అనుచు ఇంటికి పోవును. ఓడినవానిని ఓడెనని చెప్పుటకు సంకోచించువాడు, గెలిచినవానిని గెలిచెనని మనసార ఒప్పుకొనజాలడు. ఓటమిని నిరాకరించుట ఆటగానికి చేయు ఉపకారము కాదు. వాని ఆటను నిరాకరించుటయే.

రెండవది అబ్బురము. 2012లో లండను క్రీడల సందర్భమున ఒక బ్రిటిషు టెలివిజను సంస్థ వీరిని అతిమానవులుగా చాటుచు పెద్దయెత్తున ప్రచారము సాగించెను. ప్రజలు విరగబడి చూచిరి. దిగజారిన చూపును పైకెత్తిన ఘనత దానికి కలదు. అయినను వికలాంగులలోనే పలువురు అభ్యంతరము తెలిపిరి. ఆస్ట్రేలియా పత్రికారచయిత్రి స్టెల్లా యంగ్, తాను పదునైదేండ్ల పిల్లగా నుండగా ఊరివారొకరు తనకు ఏదో ఘనకార్య పురస్కారము ఇప్పింపజూచిరనియు, "అమ్మాయి ఏమియు సాధింపలేదే!" అని తలిదండ్రులు తెల్లబోయిరనియు హాస్యముగ చెప్పెడిది. తమవంటివారిని ఇతరుల నిరుత్సాహమునకు మందుగా వాడుకొనుటను 2014లో మరణించువఱకు ఆమె తీవ్రముగ ఖండించెను.

ఈ అబ్బురము వెనుక ఒక కాఠిన్యము దాగియున్నది. "ఆమె ఒలింపిక్ మైదానమున పరుగెత్తగా, నీవు బస్సెక్కలేవా?" అను ప్రశ్న దానినుండియే పుట్టుచున్నది. బస్సు మెట్టు మోకాలి యెత్తున నుండుట ఎక్కువాని లోపముగను, కచేరీకి వాలుదారి లేకపోవుట వచ్చువాని పట్టుదలలేమిగను మాఱిపోవును. 2011 జనగణన లెక్కల ప్రకారము భారతదేశమున వికలాంగుల సంఖ్య 2.68 కోట్లు. వారిలో పతకము తెచ్చువారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారే. మిగిలినవారికి కావలసినది అతిమానవత్వము కాదు, ఎక్కదగిన మెట్టు.

మూడవది అనుమానము. జర్మనీకి చెందిన మార్కస్ రెహ్మ్ మోకాలి క్రింద కుడికాలిని కోల్పోయి, కృత్రిమపాదముతో దుముకు ఆటగాడు. 2014లో ఆయన ఏ లోపములేనివారితో పోటీపడి 8.24 మీటర్లు దుమికి జర్మనీ జాతీయ విజేత ఆయెను. వెంటనే, ఆ పాదమే ఎగురవేయుచున్నదను వివాదము చెలరేగి, ఐరోపా పోటీలకు ఆయనను పంపలేదు. 2023లో ఆయన 8.72 మీటర్లు దుమికెను; టోక్యో ఒలింపిక్ క్రీడలలో స్వర్ణము తెచ్చిన దుముకు 8.41 మీటర్లు. కృత్రిమపాదము లాభమా, నష్టమా యన్నది శాస్త్రజ్ఞులు తేల్చవలసిన న్యాయమైన ప్రశ్నయే. గమనింపదగిన దేమనగా, వెనుకబడియున్నంతకాలము "అయ్యో" యన్న లోకము, ముందునకు వచ్చిన మఱునిమిషమున "అన్యాయము" అనినది. ఈ రెంటి నడుమ "భేష్" అనుటకు దానికి తీరిక చిక్కలేదు.

తరగతుల లెక్క

అనుమానమునకు సమాధానము తరగతుల విభజనలో నున్నది. కుస్తీలో బరువునుబట్టి జోడు కుదుర్చునట్లే, ఇచ్చట లోపము ఆటకు కలిగించు అడ్డమునుబట్టి జోడు కుదుర్తురు. పరుగుపందెములకును దుముకుటకును 'టి' అక్షరము, విసరుటకు 'ఎఫ్' అక్షరము. 11 మొదలు 13 వఱకు చూపు లోపించినవారు. 20 బుద్ధిమాంద్యము కలవారు. 40, 41 పొట్టివారు. 45 మొదలు 47 వఱకు చేతులలో లోపము కలవారు. 51 మొదలు 57 వఱకు కూర్చుండి ఆడువారు. ఈ నాలుగు అంకెలు తెలిసినవానికి, ఒకే పరుగునకు ఇన్ని స్వర్ణపతకములేల యను సందేహము తీరిపోవును.

ఈ కట్టుబాటు కూడ మనుష్యుల చేతిదే కనుక మోసమునకు అతీతము కాదు. 2000లో సిడ్నీ నగరమున బుద్ధిమాంద్యము కలవారి బాస్కెట్‌బాలు పోటీలో స్వర్ణము గెలిచిన స్పెయిను జట్టులోని పండ్రెండుగురిలో పదుగురికి ఏ మాంద్యమును లేదని తేలినది. పతకములు వెనుకకు పోయినవి. కాని శిక్ష మోసగాండ్రతో ముగియలేదు. ఆ తరగతి యంతయు నిలిపివేయబడి, 2012లో గాని తిరిగి ప్రవేశింపలేదు. ఒక దేశపు పెద్దలు చేసిన తప్పునకు లోకమందలి నిజమైన ఆటగాండ్రు పండ్రెండేండ్లు తలుపు బయట నిలిచిరి.

కల్లెడ బాలిక

ఆ తలుపు తిరిగి తెఱచుకొనుటచేతనే తెలుగువారికి ఒక పతకము దక్కినది. వరంగల్లు జిల్లాలోని కల్లెడ గ్రామమున కూలి కుటుంబమున 2003లో జన్మించిన జీవంజి దీప్తి ఆ 20వ తరగతి పరుగుకత్తె. బాల్యమున ఆమె రూపమును, నడవడిని చూచి ఇరుగుపొరుగులు అనిన సూటిపోటి మాటలను తలిదండ్రులు పత్రికలవారికి చెప్పియే యున్నారు. ఆమె పరుగును గుర్తించిన శిక్షకులు హైదరాబాదునకు తెచ్చి తీర్చిదిద్దిరి. 2024 మే నెలలో జపానులోని కోబె నగరమున 400 మీటర్లను 55.07 సెకండ్లలో పరుగెత్తి ఆమె ప్రపంచ రికార్డు నెలకొల్పెను. ఆ సెప్టెంబరు 3వ తేదీన పారిసునందు 55.82 సెకండ్లలో మూడవస్థానమున నిలిచి కాంస్యపతకము గెలిచెను. యుక్రెయినుకు చెందిన షూలియార్ 55.16 సెకండ్లతో మొదటను, తుర్కీకి చెందిన అయ్‌సెల్ ఒండెర్ 55.23 సెకండ్లతో రెండవదిగను నిలిచిరి. ఆ ఒండెర్ అంతకు ముందు వడపోత పరుగులోనే 54.96 సెకండ్లతో దీప్తి రికార్డును చెఱిపివేసియుండెను.

ఈ అంకెలను ఇంత వివరముగ చెప్పుటకు కారణము కలదు. దీప్తినిగూర్చి వెలువడిన వ్రాతలలో ఆమె పడిన అవమానములు నిండుగ నున్నవి. ఆమె ఎవరితో పరుగెత్తినదో, ఎంతలో వెనుకబడినదో అరుదుగ నున్నది. ప్రపంచ రికార్డును పందెము మధ్యలో పోగొట్టుకొని, అయినను చెదరక ఆఖరి పరుగునకు వచ్చి పతకము పట్టిన గుండెనిబ్బరము క్రీడాకారిణిది. దానిని విడిచి కన్నీటికథను మాత్రమే చెప్పుట ఆమెను మరల పరుగుబాట నుండి వీథిలోనికి, ఆ నవ్విన నోళ్ల యెదుటికి, తెచ్చి నిలబెట్టుటయే.

తెలంగాణ ప్రభుత్వము ఆమెకు కోటి రూపాయలు, వరంగల్లులో 500 గజముల స్థలము, గ్రూపు-2 ఉద్యోగము ప్రకటించెను. ఆమె శిక్షకునకు పది లక్షలు ప్రకటించెను. మెచ్చదగిన కార్యమే. కాని పతకము తేని దీప్తులు ఎన్ని పల్లెలలో లేరు? పతకము తెచ్చినంతనే ఆగిపోవు ఎగతాళి, తేనివారి విషయమున న్యాయమగునా? మర్యాద గెలిచి తెచ్చుకొనవలసిన బహుమానము కాదు. పందెమునకు ముందే అందఱికిని ఇయ్యవలసిన నేల.

పేరు మాఱిన చూపు మాఱునా?

"గుడ్డికన్న మెల్ల మేలు" అను సామెత గల భాషలో కుంటి, గుడ్డి, అవిటి యను మాటలు ఎంతోకాలము నిస్సంకోచముగ చెల్లినవి. పిదప 'వికలాంగులు' వచ్చెను. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగమున సూచించిన 'దివ్యాంగులు' అను మాట నేడు కచేరీలలో స్థిరపడినది. లోపమును దివ్యత్వమనుట తమ కష్టమును కప్పిపుచ్చుటయేనని ఆ వర్గమువారిలోనే పలువురు ఆక్షేపించిరి. పేరు గౌరవముగ నుండుట మంచిదే. కాని వెనుకటి మాట జాలిని మోయగా, క్రొత్త మాట అబ్బురమును మోయుచున్నదేమో ఆలోచింపవలెను. 2016 చట్టము లోపముల జాబితాను ఏడు నుండి ఇరువదియొకటికి పెంచి, హక్కులను గూర్చి పలికినది. దివ్యత్వముకంటె హక్కు సాదా మాట, ఎక్కువకాలము మన్నునది.

లెక్కలు మాత్రము ఆశ గొల్పుచున్నవి. 2016లో రియోలో నాలుగు, 2021లో జరిగిన టోక్యో క్రీడలలో పందొమ్మిది, 2024లో పారిసులో ఇరువదితొమ్మిది పతకములు భారతదేశమునకు లభించినవి. 2018లో చూపులేనివారి ప్రపంచ క్రికెట్ పోటీలో భారతజట్టును విజయమునకు నడపిన నాయకుడు తెలుగువాడైన అజయకుమార రెడ్డి. 2023 సంవత్సరపు అర్జున పురస్కారము ఆయనకు లభించినది. ఆ ఆటలో బంతి గలగలలాడుచు వచ్చును. ఆ చప్పుడునుబట్టియే బ్యాటు లేచును.

చూపులేనివారి ఫుట్‌బాలు పోటీలలో ప్రేక్షకులకొక నియమము కలదు. బంతి ఆటలో నున్నంతసేపు వేలమందియు నోరు మెదపరాదు. గోలు పడినపుడు మాత్రము ఎంత గట్టిగ అరచినను తప్పులేదు. ఆ నిశ్శబ్దమున జాలి లేదు, అబ్బురము లేదు, అనుమానము లేదు. లోపల ఒక ఆట జరుగుచున్నదనియు, దానికి అడ్డము రాకూడదనియు తెలిసిన మర్యాద మాత్రమే కలదు. వికలాంగ క్రీడాకారులు లోకమునుండి కోరునది అంతకు మించి యేమియు లేదు.