కనుమ దాటాలంటే... కాస్త నెమ్మదించాలి!

దిల్‌సుఖ్‌నగర్‌ నుంచి ఎల్బీనగర్‌ దాకా ఆయాసపడకుండా నడిచేస్తారా? అయితే కైలాస పరిక్రమకు మీ కాళ్లు సిద్ధమవుతున్నట్టే. మరి ఊపిరో?

2020 నుంచి ఆగిపోయిన కైలాస మానస సరోవర యాత్రను కేంద్ర ప్రభుత్వం 2025లో మళ్లీ మొదలుపెట్టింది. మూడు రోజుల పరిక్రమలో రెండో రోజే అసలు పరీక్ష... డోల్మా లా! టిబెటన్‌లో 'లా' అంటే కనుమ, డోల్మా అంటే తారాదేవి. ఎత్తు సుమారు 18,500 అడుగులు. మన హైదరాబాద్‌ ఎత్తు దాదాపు 1,750 అడుగులే. కనుమ మీద ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్‌ సముద్రమట్టంలో అందేదాంట్లో సగమే.

డేరాపుక్‌లో తెల్లవారకముందే నడక మొదలవుతుంది. మధ్యాహ్నమైతే వాతావరణం ఎప్పుడెలా మారుతుందో చెప్పలేం. పది అడుగులు వేయడం, ఆగడం, మళ్లీ పది అడుగులు. పైన రంగురంగుల ప్రార్థనా పతాకాల దగ్గర దణ్నం పెట్టుకుని త్వరగా దిగిపోవాలి. అవతల గౌరీకుండం కనిపిస్తుంది. ఆ రాళ్ల దారిలో భారమంతా మోకాళ్ల మీదే!

సాధన ఇక్కడే

వీపున బరువైన బ్యాగుతో దిల్‌సుఖ్‌నగర్‌, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్‌, ఎల్బీనగర్‌ మెట్రో స్టేషన్ల మెట్లు ఎక్కి దిగండి. దిగడమూ సాధనే. సెలవురోజున భువనగిరి కోట ఎక్కొచ్చు. 2014లో ఎవరెస్ట్‌ ఎక్కిన మాలావత్‌ పూర్ణ, ఆనంద్‌కుమార్‌ తొలి పాఠాలు నేర్చుకుంది ఆ బండమీదే.

తలనొప్పి దాచొద్దు

అయితే ఎంత నడిచినా ఎత్తుకు అలవాటుపడటం ఇక్కడ కుదరదు. జిమ్‌లో కండలు పెంచిన కుర్రాడికైనా పర్వత అనారోగ్యం రావచ్చు. పదివేల అడుగులు దాటాక రాత్రి బసను రోజుకు 1,600 అడుగులకు మించి పెంచకూడదంటారు వైద్యులు. తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం తొలి సంకేతాలు. కూర్చున్నా ఆయాసం, తడబడే నడక, మతి తప్పిన మాటలు కనిపిస్తే వెంటనే కిందికి దిగాల్సిందే. మాత్రలు వైద్యుల సలహాతోనే వాడాలి.

చిక్కేమిటంటే... ఇంతదూరం వచ్చి ఆగిపోతామేమోనని కొందరు బాధ పైకి చెప్పరు. ప్రాణం మీదికి వచ్చేది అక్కడే. కైలాస ఉత్తర ముఖం నిండుగా కనిపించేది డేరాపుక్‌లోనే. అక్కడినుంచి వెనుదిరిగినవారికీ దర్శనం దక్కినట్టే!