రెండు కాళ్లూ ఒకటి కావు!

బంతిని తన్నేది ఒక కాలు. ఆ క్షణంలో ఒంటి బరువంతా మోసేది రెండో కాలు. ఏళ్ల తరబడి ఇదే వరస. దాంతో ఒక్కో కాలు ఒక్కోలా తయారవుతుంది. చూడ్డానికి చిన్న విషయమే. కానీ ఫుట్‌బాల్ ఆడే అమ్మాయిల మోకాళ్లకు అదే పెద్ద ముప్పు తెచ్చిపెట్టవచ్చు. పదకొండేళ్ల పాపకు ఒకలా, పదిహేనేళ్ల అమ్మాయికి మరోలా, పాతికేళ్ల క్రీడాకారిణికి ఇంకోలా!

2023 జులైలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో మహిళల ప్రపంచకప్ మొదలైంది. అయితే ప్రపంచమంతా చూడాలనుకున్న కొందరు తారలు మాత్రం మైదానంలో కనిపించలేదు. ఇంగ్లాండ్ కెప్టెన్ లియా విలియమ్సన్, అదే జట్టు ఫార్వర్డ్ బెత్ మీడ్, నెదర్లాండ్స్ గోల్స్ రాణి వివియన్నె మీడెమా... ముగ్గురిదీ ఒకే కథ. మోకాలి లోపల ఉండే ఏసీఎల్ అనే లిగమెంట్ తెగింది. చిత్రమేంటంటే, అప్పటికి ఆ ముగ్గురూ ఆడుతున్నది ఒకే క్లబ్‌కి... ఆర్సెనల్‌కి. అంతకు ఏడాది ముందు యూరో కప్ మొదలవబోతుండగా స్పెయిన్ తార అలెక్సియా పుతెయాస్‌కి, 2024 జనవరిలో ఆస్ట్రేలియా కెప్టెన్ సామ్ కెర్‌కి కూడా సరిగ్గా ఇదే గాయం.

ఇదంతా దురదృష్టమేనా అంటే, కాదంటున్నారు పరిశోధకులు. ఫుట్‌బాల్ ఆడే మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్లలో ఏసీఎల్ గాయాల ముప్పు రెండు మూడు రెట్లు ఎక్కువని ఎన్నో అధ్యయనాలు తేల్చాయి. పైగా చాలాసార్లు ఎవరూ తోయకుండానే, తన్నకుండానే ఈ లిగమెంట్ తెగుతుంది. పరుగెత్తుతూ చటుక్కున పక్కకి తిరిగినప్పుడో, గాల్లోకి ఎగిరి ఒంటికాలి మీద దిగినప్పుడో... అంతే, మోకాలు చేతులెత్తేస్తుంది!

జోడెడ్ల బండి

ఏసీఎల్ మోకాలి కీలు లోపల ఉండే ఓ బలమైన తాడులాంటిది. కింది ఎముక ముందుకు జారిపోకుండా పట్టి ఉంచడం దాని పని. తొడ ముందు భాగంలోని కండరాలు ఆ ఎముకను ముందుకు లాగుతాయి. వెనక ఉండే హామ్‌స్ట్రింగ్ కండరాలు వెనక్కి పట్టి ఆపుతాయి. జోడెడ్ల బండి లాంటిదే ఇదీ. ఒక ఎద్దు బలంగా లాగి, రెండోది వెనకబడితే బండి దారి తప్పుతుంది. ఇక్కడ బండి మోకాలు. వెనక కండరాలు బలహీనంగా ఉంటే భారమంతా ఆ తాడు మీదే పడుతుంది.

ఈ బలాన్ని కొలవడానికి ప్రత్యేక యంత్రాలున్నాయి. కుర్చీలో కూర్చోబెట్టి, కాలికి పట్టీ కట్టి, ఒకే వేగంతో మోకాలిని చాపిస్తూ, ముడిపిస్తూ లెక్క తీస్తారు. ముందు కండరాల బలం నూరు పాళ్లనుకుంటే వెనక కండరాలది కనీసం 60 పాళ్లు ఉండాలన్నది చాలాకాలంగా వాడుకలో ఉన్న కొలత. అలాగే కుడి, ఎడమ కాళ్ల మధ్య తేడా 10 నుంచి 15 శాతం దాటితే జాగ్రత్త పడమంటారు. అంతమాత్రాన తేడా ఉన్న ప్రతి అమ్మాయికీ గాయం ఖాయమని కాదు. ఫలానావాళ్లకే తగులుతుందని జోస్యం చెప్పే పరీక్ష ఏదీ లేదు. ఎక్కడ బలం పెంచుకోవాలో చెప్పడానికి మాత్రం ఈ లెక్కలు అక్కరకొస్తాయి.

పదేళ్లకు ఒకలా... పదిహేనుకు మరోలా

పదేళ్లలోపు ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ పక్కపక్కన నిలబెడితే కాళ్ల బలంలో పెద్ద తేడా కనిపించదు. అసలు కథ ఆ తర్వాతే మొదలవుతుంది. పదకొండు, పన్నెండేళ్లకు అమ్మాయిలు ఒక్కసారిగా పొడవు సాగుతారు. ఎముకలు ముందు పెరుగుతాయి. కండరాలు ఆ పెరుగుదలను అందుకోవడానికి కొంత సమయం పడుతుంది. మగపిల్లల్లో యుక్తవయసు హార్మోన్లు కండబలాన్ని గబగబా పెంచేస్తాయి. ఆడపిల్లల్లో తొడ ముందు కండరాలు పెరిగినంతగా వెనకవి పెరగవు. ఎగిరి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వంగిపోవడం ఈ వయసులోనే ఎక్కువ కనిపిస్తుంది. ఏసీఎల్ గాయాలు మొదలయ్యేదీ ఈ దశలోనే.

పద్దెనిమిది, ఇరవై ఏళ్లు వచ్చేసరికి మరో చిక్కు. చిన్నప్పట్నుంచీ ఒకే కాలితో బంతిని కొట్టడం వల్ల రెండు కాళ్లకూ వేర్వేరు అలవాట్లు స్థిరపడతాయి. ఫుట్‌బాల్ ఆడుతూ ఏసీఎల్ తెగినవాళ్లను అమెరికాలో పరిశీలించి, ఆ వివరాలను 2010లో ప్రచురించారు. మగవాళ్లలో ఎక్కువమందికి తన్నే కాలికి గాయమైతే, ఆడవాళ్లలో మూడింట రెండు వంతుల మందికి ఆనించి నిలబడే కాలికి తగిలిందట!

ఇక ముప్ఫై దాటినవాళ్లకు పాత గాయాలే పెద్ద లెక్క. ఆపరేషన్ తర్వాత ఆ కాలి తొడ కండరం చాలాకాలం వెనకబడే ఉంటుంది. రెండు కాళ్లూ సమానమయ్యేదాకా ఆగాలి. తొమ్మిది నెలలు కూడా నిండకుండా మైదానంలోకి దిగితే మళ్లీ గాయపడే ప్రమాదం బాగా ఎక్కువ. ఓపిక పడితే ఫలితం ఉంటుందనడానికి బ్రెజిల్ దిగ్గజం మార్తాయే సాక్ష్యం. 2022లో, 36 ఏళ్ల వయసులో ఆమెకు ఏసీఎల్ తెగింది. కోలుకుని 2023 ప్రపంచకప్ ఆడింది. 2024లో ఒలింపిక్ రజతమూ, అమెరికా లీగ్ టైటిలూ అందుకున్న జట్లలో ఉంది.

ఇరవై నిమిషాల మందు

అదృష్టవశాత్తూ దీనికి విరుగుడు ఉంది. ఖరీదైంది కూడా కాదు. ఫిఫా నిపుణులు 2006లో ‘11 ప్లస్’ అనే వార్మప్ పద్ధతిని తయారుచేశారు. మొత్తం 15 వ్యాయామాలు. ఎనిమిది నిమిషాలు నెమ్మదిగా పరుగు, పది నిమిషాలు బలం, బ్యాలెన్స్, గెంతులు, ఆఖర్న రెండు నిమిషాలు వేగంగా పరుగు. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల అమ్మాయిలు దాదాపు 1,900 మందితో దీన్ని పరీక్షించి, 2008లో ఫలితాలు వెల్లడించారు. ఈ వ్యాయామాలు చేసినవాళ్లలో మొత్తం గాయాలు మూడో వంతు, తీవ్రమైన గాయాలు సగం దాకా తగ్గాయి. స్వీడన్‌లో 12 నుంచి 17 ఏళ్ల అమ్మాయిలు 4,500 మందికి పైగా ఇలాంటిదే మరో పావుగంట వార్మప్ చేశారు. వారానికి రెండుసార్లే! అయినా ఏసీఎల్ గాయాలు 64 శాతం తగ్గాయి.

వీటిలో తొడ వెనక కండరాల కోసం చేసేది ‘నార్డిక్ హామ్‌స్ట్రింగ్’. మోకాళ్ల మీద నిలబడాలి. స్నేహితురాలు వెనక నుంచి మడమల దగ్గర గట్టిగా పట్టుకుంటుంది. నడుము వంచకుండా ఒంటిని మెల్లమెల్లగా ముందుకు వాల్చి, ఇక ఆపలేమనుకున్నప్పుడు చేతులు ఆనించాలి. యంత్రాలు అక్కర్లేదు, జిమ్ అక్కర్లేదు.

మీరే చూసుకోవచ్చు

కాళ్ల బలం కొలిచే యంత్రం ప్రతి ఊళ్లో దొరకదు. అయినా ఫర్వాలేదు. నేల మీద గీత గీసి, ఒంటికాలితో ముందుకు గెంతి, అదే కాలి మీద తూలకుండా నిలబడాలి. ఎంత దూరం వచ్చారో టేపుతో కొలవాలి. తర్వాత రెండో కాలితో. తక్కువ గెంతిన కాలు, ఎక్కువ గెంతిన దానిలో 90 శాతం కూడా అందుకోకపోతే ఆ కాలికి కాస్త ఎక్కువ పని చెప్పాలన్నమాట. అద్దం ముందు ఒంటికాలి మీద సగం గుంజీ తీసి, మోకాలు లోపలికి వాలుతోందేమో కూడా చూసుకోవచ్చు. మోకాలి నొప్పి, వాపు ఉన్నవాళ్లు మాత్రం ఈ ప్రయోగాలు చేయకుండా డాక్టర్ని కలవాలి.

తప్పంతా అమ్మాయిల శరీరానిదే అనుకుంటే పొరపాటు. మగవాళ్ల పాదాల కొలతలతో తయారైన బూట్లు, ఎగుడుదిగుడు మైదానాలు, చిన్నప్పుడు కండరాల శిక్షణ దొరక్కపోవడం... వీటికీ వాటా ఉంది.

మన దగ్గరా అమ్మాయిల ఫుట్‌బాల్ ఇప్పుడిప్పుడే ఊపందుకుంటోంది. 2022లో అండర్-17 ప్రపంచకప్ మన దేశంలోనే జరిగింది. 2025లో భారత మహిళల జట్టు తొలిసారి క్వాలిఫయర్లు గెలిచి ఆసియా కప్‌కి అర్హత సాధించింది. నిజామాబాద్ జిల్లాకు చెందిన గుగులోత్ సౌమ్య 2024-25 సీజన్‌కి దేశంలోనే ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా ఎంపికైంది. ఆమెను చూసి బంతి పట్టే తెలుగమ్మాయిలకు బడిలో పీఈటీ మాస్టారు మొదట నేర్పాల్సింది గోల్ కొట్టడం కాదు, సరిగ్గా దిగడం. ఆటకు ముందు ఇరవై నిమిషాలు కేటాయిస్తే, ఆటకు దూరంగా తొమ్మిది నెలలు గడపాల్సిన అవస్థ చాలామందికి తప్పుతుంది.