మామా అల్లుళ్ల యుద్ధం: సమురాయ్ ప్రభువుల చేతిలోంచి ఊళ్లు ఎలా జారిపోయాయి?

ఈరోజు ఎపిసోడ్‌లో జపాన్‌లో జరిగిన ఓనిన్ యుద్ధం గురించి మాట్లాడుకుందాం. నేను చాలా రోజులు ఇది షోగన్ ఇంట్లో వారసుడి గొడవ అనే అనుకున్నాను. కాస్త లోతుగా చదివాక తెలిసింది, అసలు కథ ఊళ్లలో జరిగిందని.

ముందు సిస్టమ్ అర్థం చేసుకుందాం. అప్పుడు దేశాన్ని నడిపేది అషికాగా వంశం. వాళ్లలో పెద్దని షోగన్ అంటారు. చక్రవర్తి ఉన్నాడు గానీ, అధికారం షోగన్‌దే. ఒక్కో రాష్ట్రానికి షుగో అని ఒక గవర్నర్ ఉండేవాడు. ఒక్కడికే రెండు మూడు రాష్ట్రాలు కూడా ఉండేవి. ఇక్కడే ఒక మెలిక ఉంది. ఈ షుగోల్లో చాలామంది ఉండేది క్యోటోలో, షోగన్ కళ్ల ముందు. మరి ఊళ్లో పన్ను వసూలు చేసేది, తగాదాలు తీర్చేది ఎవరు? షుగోదాయ్, అంటే షుగో పెట్టిన డిప్యూటీ. ఈ డిప్యూటీని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

రెండో మెలిక. పెద్దకొడుకే వారసుడు అన్న గట్టి రూల్ లేదు. ఇంటిపెద్ద ఎవరో షోగన్ ఆమోదించాలి. ఆ ఒక్క కుర్చీతో రాష్ట్రాలన్నీ వస్తాయి. అందుకే ఒక ఇంట్లో ఇద్దరు పోటీపడితే, చెరొకరూ క్యోటోలో ఒక పెద్దాయన్ని పట్టుకునేవాళ్లు. ఇంటి గొడవ కాస్తా రాజధాని గొడవ అయ్యేది.

1460ల్లో సరిగ్గా అదే జరిగింది. హతకెయామా ఇంట్లో మసనాగా, యోషినారి కొట్టుకుంటున్నారు. షిబా ఇంట్లోనూ అదే గోల. షోగన్ యోషిమసాకి కొడుకుల్లేక, సన్యాసిగా ఉన్న తమ్ముడు యోషిమిని 1464లో తీసుకొచ్చి వారసుడన్నాడు. మరుసటి ఏడాదే కొడుకు పుట్టాడు! ఇక చూస్కోండి.

ఈ గొడవలన్నిటి వెనక ఇద్దరు పెద్దోళ్లున్నారు. ఒకరు యమనా సోజెన్, ఇంకొకరు హొసొకావా కట్సుమొటో. వరసకి మామా అల్లుళ్లు. 1441లో అకమత్సు అనే షుగో అప్పటి షోగన్‌ని ఇంటికి విందుకి పిలిచి చంపేస్తే, ఆ అకమత్సుని అణచి అతని రాష్ట్రాలు తీసుకున్నది యమనా వాళ్లే. తర్వాత అదే అకమత్సు వంశాన్ని మళ్లీ లేపడానికి అల్లుడు సాయం చేశాడు. మామకి మండదా మరి?

1467 మొదట్లో హతకెయామా దాయాదులు క్యోటోలోనే కత్తులు దూశారు. కొన్ని నెలల్లో అల్లుడిది తూర్పు సైన్యం, మామది పడమటి సైన్యం అయిపోయాయి. నగరం చాలావరకు తగలబడిపోయింది. 1473లో మామా అల్లుళ్లిద్దరూ కొద్ది వారాల తేడాతో పోయారు. అయినా యుద్ధం ఆగలేదు! 1477 దాకా సాగింది. చివరికి సైన్యాలు ఎవరి దారిన అవి వెళ్లిపోయాయి, గెలిచినవాడంటూ లేడు.

మరి వాళ్లు ఇంటికెళ్లి చూస్తే ఏముంది? మన డిప్యూటీ గుర్తున్నాడా? షిబా వాళ్ల కింద ఎచిజెన్‌లో పనిచేసిన అసకురా తకకగె మొదట పడమటి వైపు పోరాడాడు. 1471లో తూర్పు వైపుకి దూకాడు. ఎందుకంటే, ఎచిజెన్‌ని నీకే ఇస్తాం అన్నారు. అలా ఓనర్‌ని పక్కకి నెట్టి మేనేజరే ఓనర్ అయ్యాడు.

నాకు బాగా నచ్చింది మాత్రం యమషిరో జనం కథ. క్యోటో ఉన్న రాష్ట్రం అది. యుద్ధం అయిపోయినా హతకెయామా దాయాదులు అక్కడ ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. పొలాలు పాడైపోతున్నాయి. 1485లో దక్షిణ యమషిరోలో 15, 16 ఏళ్ల కుర్రాళ్ల నుంచి 60 ఏళ్ల పెద్దల దాకా ఒకచోట చేరారు. రెండు సైన్యాలూ ఇక్కణ్ణుంచి కదలండి అన్నారు. కదిలాయి! తర్వాత సుమారు 8 ఏళ్లు స్థానిక సమురాయ్‌లు, రైతులు కలిసి అక్కడ పాలన నడుపుకున్నారు.

నాకు అర్థమైంది ఇదీ. షుగోకి హోదా పైనుంచి వచ్చేది, బలం మాత్రం ఊళ్లోంచి వచ్చేది. వాళ్లు హోదా కోసం రాజధానిలో కూర్చుని ఊరిని వేరేవాళ్లకి వదిలేశారు. రోజూ రైతు ముఖం చూసినవాడికే చివరికి ఊరు దక్కింది.

ఓడా నొబునాగా పేరు వినే ఉంటారు, గేముల్లో, యానిమేల్లో తెగ కనిపిస్తాడు. ఆయన కూడా ఒవారిలో షిబా వాళ్ల డిప్యూటీలుగా పనిచేసిన ఓడా వంశం వాడే. 1573లో ఆఖరి అషికాగా షోగన్‌ని క్యోటో నుంచి తరిమింది ఆయనే.

చివరగా ఒక్క మాట. మామగారి సైన్యం దిగిన చోటుని ఇప్పటికీ నిషిజిన్ అంటారు, అంటే పడమటి శిబిరం. యుద్ధం అయ్యాక నేతగాళ్లు తిరిగొచ్చి అక్కడ మగ్గాలు వేసుకున్నారు. ఈరోజు నిషిజిన్ అంటే జనానికి గుర్తొచ్చేది పట్టుబట్టలు.