అంతులేని నగరం, అందని కోట

జపాన్ చిత్రకారుడు సుతోము నిహెయ్ గీసిన ‘బ్లామ్!’ మాంగా 1997లో మొదలై 2003లో ముగిసింది. కొడాన్షా వారి ‘ఆఫ్టర్‌నూన్’ మాసపత్రికలో సీరియల్‌గా వచ్చి, ఆ తరవాత 10 సంపుటాలుగా అచ్చయింది. కథంతా ఒకే కట్టడంలో జరుగుతుంది. గోడల వెనుక గోడలు, మెట్ల కింద మెట్లు, అడుగు కనిపించని లోతుల మీద సన్నటి వంతెనలు. వీటన్నిటినీ కలిపి పాఠకులు ‘నగరం’ అంటారు. కిల్లీ అనే అతను అందులో అంతస్తు తరవాత అంతస్తు దాటుకుంటూ పోతుంటాడు. పేజీల తరబడి మాటలుండవు. ఈ నగరం ఎందుకింతగా పెరిగింది, దీనికి హద్దెక్కడ అన్న ప్రశ్నలకు రచయిత తిన్నగా జవాబు చెప్పడు. అభిమానుల ఊహాగానాలకు, అంటే ‘ఫ్యాన్ థియరీ’లకు, ఆ మౌనమే చోటిచ్చింది. వాటిలో బాగా ఆలోచింపజేసేది, ఈ నగరాన్ని ఫ్రాంజ్ కాఫ్కా రాసిన ‘కోట’ నవలతోనూ, ఆ నవల తరవాత వచ్చిన అబ్సర్డ్ సాహిత్యంతోనూ ముడిపెట్టే థియరీ.

అబ్సర్డ్ సాహిత్యం అంటే

మనిషి ప్రతిదానికీ అర్థం కావాలంటాడు. లోకం బదులు పలకదు. ఈ రెంటికీ మధ్య ఉన్న పొసగనితనాన్నే ఆల్బేర్ కామూ 1942లో వచ్చిన ‘సిసిఫస్ పురాణం’లో అబ్సర్డ్ అన్నాడు. కొండ మీదికి బండ దొర్లించడం, అది కిందికి జారిపోవడం, మళ్ళీ మొదలుపెట్టడం, గ్రీకు పురాణంలోని సిసిఫస్‌కు పడిన ఈ శిక్షలో కామూకు మనిషి బతుకు కనిపించింది. 1924లోనే చనిపోయిన కాఫ్కా మీద కూడా కామూ ఒక వ్యాసం రాశాడు. రెండో ప్రపంచయుద్ధం తరవాత సామ్యూల్ బెకెట్, యూజీన్ అయనెస్కో లాంటివాళ్లు ఈ చూపును రంగస్థలం మీదికి తెచ్చారు. విమర్శకుడు మార్టిన్ ఎస్లిన్ 1961లో రాసిన పుస్తకంతో ఆ నాటకాలకు ‘థియేటర్ ఆఫ్ ది అబ్సర్డ్’ అన్న పేరు స్థిరపడింది.

ఈ రచనల్లో కథ జరిగే చోటు ఉత్త నేపథ్యంగా ఉండదు. పాత్రలకు ఎదురు నిలిచేది ఆ చోటే. మాంగా పాఠకులు కథాలోకం దగ్గరే పోలికలు వెతకడానికి కారణం ఇదే.

కోటలో దారి, నగరంలో తాళం

కాఫ్కా 1922లో రాసిన ‘కోట’ పూర్తికాలేదు. చివరి వాక్యం మధ్యలోనే ఆగిపోయింది. మిత్రుడు మాక్స్ బ్రోడ్ దాన్ని 1926లో ప్రచురించాడు. కె. అనే వ్యక్తి మంచు కురిసిన ఒక రాత్రి ఒక గ్రామానికి వస్తాడు. తనను భూమి కొలిచే సర్వేయరుగా కోటవాళ్లు పిలిపించారంటాడు. మర్నాడు పొద్దున కోటకు బయలుదేరతాడు. దారి కోట దాకా పోయేలాగే కనిపిస్తుంది, దగ్గరికొచ్చేసరికి పక్కకు తిరుగుతుంది. అలాగని కోటకు దూరంగానూ పోదు. ఎంత నడిచినా ఆ ఎడం తరగదు. అధికారులుంటారు, ఫైళ్లుంటాయి, దూతలుంటారు, టెలిఫోన్ కూడా ఉంటుంది. కె.కు కావలసిన ఒక్క ముక్క మాత్రం ఎవరి నోటా రాదు.

‘బ్లామ్!’లో కిల్లీ వెతికేది నెట్ టెర్మినల్ జీన్‌ను. పూర్వం మనుషులకు పుట్టుకతోనే ఈ జన్యువు ఉండేది. దాని సాయంతో వాళ్లు ‘నెట్‌స్ఫియర్’ అనే వ్యవస్థలోకి ప్రవేశించి నగరాన్ని నడిపేవాళ్లు. ఒక అంటు వ్యాపించి ఆ జన్యువు మాయమైంది. దాంతో యంత్రాల మీద మనుషులకు పట్టు పోయింది. కట్టడం పని అప్పగించిన బిల్డర్లను ఆపేవాడు లేక, అవి కట్టుకుంటూనే పోతున్నాయి. అనుమతి లేనివాళ్లను అడ్డుకోవడానికి పెట్టిన ‘సేఫ్‌గార్డ్’ అనే రక్షణ వ్యవస్థకు ఇప్పుడు మిగిలిన మనుషులంతా అనుమతి లేనివాళ్లే. కాబట్టి కనిపించినవాళ్లనల్లా చంపుతుంది.

థియరీకి ప్రాణం ఇక్కడే ఉంది. రెండు చోట్లా నియమం ఎందుకు పుట్టిందో ఆ అవసరం ఎప్పుడో పోయింది, నియమం మాత్రం తూచా తప్పకుండా అమలవుతోంది. ఎవరికీ పగ లేదు, ఎవరూ దుర్మార్గులు కానక్కర్లేదు. లోపలికి పోవాలంటే గుర్తింపు కావాలి, ఆ గుర్తింపు లోపలే దొరుకుతుంది. కె. ఈ వలయంలోనే తిరుగుతాడు, కిల్లీ కూడా అంతే. ఇద్దరు రచయితలకూ ఇలాంటి వ్యవస్థలను దగ్గర్నుంచి చూసిన అనుభవం ఉంది. న్యాయశాస్త్రం చదివిన కాఫ్కా ప్రాగ్‌లో కార్మికుల ప్రమాద బీమా సంస్థలో 1908 నుంచి 1922 దాకా ఉద్యోగం చేశాడు. మాంగాలోకి రాకముందు నిహెయ్ నిర్మాణ రంగంలో పనిచేశాడు.

దూరమే శాసనం

కాఫ్కా చిన్న కథలు రెండింటిని పక్కన పెట్టి చూస్తే ఈ పోలిక ఇంకా బలపడుతుంది. 1919లో అచ్చయిన ‘చక్రవర్తి సందేశం’లో, మరణశయ్య మీదున్న చక్రవర్తి ఒక దూతకు సందేశమిచ్చి పంపుతాడు. దూత బలవంతుడు, అలుపెరగనివాడు. అయినా లోపలి గదులు దాటాలి, మెట్లు దిగాలి, ప్రాంగణాలు దాటాలి, వాటి చుట్టూ ఉన్న రెండో సౌధం దాటాలి, మళ్ళీ మెట్లు, మళ్ళీ ప్రాంగణాలు. వేల ఏళ్లయినా దూత బయటపడడు. ‘చైనా గోడ నిర్మాణం’ అనే మరో కథలో గోడను వరసగా కట్టుకుంటూ రారు. ఇక్కడో ముక్క, అక్కడో ముక్క కడతారు. మధ్యలో ఖాళీలుంటాయి. కట్టేవాళ్లకు మొత్తం గోడ స్వరూపం తెలియదు. ప్రణాళిక చేతిలో లేకుండా కట్టుకుపోయే బిల్డర్లకూ, ఒక మజిలీ నుంచి మరో మజిలీకి చేరడానికే కాలం హరించుకుపోయే కిల్లీ ప్రయాణానికీ ఇంతకన్నా దగ్గరి పోలిక దొరకదు.

కొలతల విషయంలో అభిమానులు ఎక్కువగా ప్రస్తావించేది గురుగ్రహమంత గది. నగరంలో ఒకచోట వచ్చే శూన్యస్థలం వ్యాసం దాదాపు 1,43,000 కిలోమీటర్లు. గురుగ్రహం భూమధ్యరేఖా వ్యాసం కూడా అంతే. ఒకప్పుడు ఆ గ్రహం అక్కడే ఉండేదనీ, నగరం పెరుగుతూ పెరుగుతూ దాన్ని మింగేసిందనీ అభిమానులు లెక్కగట్టారు. ఈ లెక్క దగ్గర చాలామందికి హోర్హె లూయిస్ బోర్హెస్ 1941లో రాసిన ‘బాబెల్ గ్రంథాలయం’ గుర్తుకొస్తుంది. ఆ కథలో విశ్వమంతా ఆరు పలకల గదుల గ్రంథాలయమే. ఒక్కో పుస్తకానికి 410 పేజీలు, పేజీకి 40 వరసలు. అన్ని సాధ్యమైన పుస్తకాలూ అక్కడ ఉన్నాయి, అందువల్లే కావలసింది దొరకదు. కోట్ల గదుల్లో ఒక్క జన్యువును వెతికే కిల్లీ పరిస్థితీ అదే.

పోలిక తెగే చోటు

కోట మనసులో ఏముందో కె.కు ఎన్నటికీ అంతుపట్టదు. ‘బ్లామ్!’లో మాత్రం నెట్‌స్ఫియర్ పాలకుల వైఖరి స్పష్టంగానే ఉంటుంది. మనుషులు తిరిగి అధికారంలోకి రావాలనే వాళ్లు కోరుకుంటారు, కిల్లీ వెతుకులాటను సమర్థిస్తారు. సేఫ్‌గార్డ్‌ను ఆపడం మాత్రం వాళ్ల చేతిలో లేదు. కాఫ్కా అధికారం నోరు విప్పదు. నిహెయ్ అధికారం నోరు విప్పి తన నిస్సహాయతను ఒప్పుకుంటుంది. ఇంకో తేడా కూడా ఉంది. ‘కోట’లో ఒక రాత్రి కె. పొరపాటున బ్యుర్గెల్ అనే అధికారి గదిలోకి వెళ్తాడు. ఇలా అనుకోకుండా వచ్చినవాడి విన్నపం నెరవేరే వీలుందని ఆ అధికారే వివరిస్తుంటాడు. సరిగ్గా అప్పుడే కె. అలసటతో నిద్రలోకి జారుకుంటాడు. కిల్లీ అలా ఓడిపోడు. అతని దేహం మామూలు మనిషిది కాదు, గాయాలు మానతాయి, కాలం అతన్ని కూల్చలేదు. అందుకే కొందరు అతన్ని కె. కన్నా సిసిఫస్‌కు దగ్గరివాడంటారు. అదీ పూర్తిగా నిలవదు. సిసిఫస్ బండ ఎన్నటికీ పైన నిలవదని ముందే తెలుసు. కిల్లీ వెతికే జన్యువు ఎక్కడో ఉండే అవకాశం మాత్రం చివరిదాకా మూసుకుపోదు.

జపాన్‌లో ఈ వారసత్వం

కాఫ్కా నుంచి నిహెయ్ దాకా తిన్నటి గీత గీయనవసరం లేదు. జపాన్‌లో ఈ ధోరణికి సొంత చరిత్ర ఉంది. కోబో అబే 1951లో, తన పేరు పోగొట్టుకున్న మనిషి కథకు అకుతగావా బహుమతి అందుకున్నాడు. 1962లో వచ్చిన అతని ‘ఇసుకదిబ్బల స్త్రీ’ నవలలో పురుగులు సేకరించడానికి వెళ్లిన ఉపాధ్యాయుడు ఇసుకగుంటలోని ఇంట్లో చిక్కుకుని, రాత్రంతా ఇసుక తోడుతూ గడుపుతాడు. తోడకపోతే ఇల్లు పూడిపోతుంది. మాంగాలో యోషిహరు త్సుగె 1968లో ‘గారో’ పత్రికలో వేసిన ‘నెజిషికి’ ఇదే కోవది. తెగిన రక్తనాళాన్ని చేత్తో పట్టుకున్న యువకుడు డాక్టరు కోసం ఒక వింత ఊరంతా తిరుగుతాడు. వీధులెన్నో ఉన్నా, ఏ ఒక్కటీ సాయపడదు. ఈ రచనల తరవాతి కాలపు మాంగాకారుడికి అలాంటి లోకం కట్టడానికి కాఫ్కాను చదవాల్సిన పని కూడా లేకపోవచ్చు.

త్సుకుమిజు ‘గర్ల్స్ లాస్ట్ టూర్’ (2014–2018) విషయంలో పాఠకుల చూపు బెకెట్ వైపు మళ్లుతుంది. యుద్ధాలతో నాశనమై, మనుషులు దాదాపు మిగలని అంతస్తుల నగరంలో చితో, యూరి అనే ఇద్దరు అమ్మాయిలు చిన్న సైనిక వాహనంలో పైకి పోతుంటారు. చితో చదువుతుంది, ఆలోచిస్తుంది, బండి నడుపుతుంది. యూరి ధ్యాస తిండి మీద. 1953 జనవరి 5న పారిస్‌లో తొలిసారి ఆడిన ‘గోడో కోసం’ నాటకంలో వ్లాదిమిర్ ఆలోచిస్తాడు, ఎస్ట్రగాన్ ఆకలి గురించీ బూట్ల గురించీ మాట్లాడతాడు. ఉన్న కాస్త తిండి పంచుకోవడం, ఎటూ తేలని కబుర్లు, ఒకరినొకరు వదలలేకపోవడం రెంటిలోనూ ఉన్నాయి. బెకెట్ జంట కదలదు, ఈ అమ్మాయిలు ఆగరు. చివరికి శిఖరం మీద వాళ్ల కోసం ఏ జవాబూ ఎదురుచూస్తూ ఉండదు. అయినా బతికిన రోజులు బాగున్నాయనుకుంటారు. ఈ ముగింపు గోడో నాటకం కన్నా కామూకు దగ్గర.

ఏ థియరీని నమ్మాలి

కొన్ని మాంగాలకు థియరీ అక్కర్లేదు, రచయితే చెప్పేస్తాడు. సుయి ఇషిదా ‘టోక్యో గూల్’లో సాహిత్య విద్యార్థి కనెకి సగం పిశాచంగా మారినప్పుడు కాఫ్కా ‘రూపాంతరం’ ప్రస్తావన నేరుగా వస్తుంది. జున్ మోచిజుకి ‘పండోరా హార్ట్స్’లో ఆలిస్ కథలోని ఆలిస్, చెషైర్ పిల్లి పాత్రలు ఆ పేర్లతోనే ఉంటాయి. ‘బుంగో స్ట్రే డాగ్స్’ రచయిత కలం పేరే కాఫ్కా అసగిరి. ఇలాంటి చోట ఆధారం పేజీ మీదే ఉంది.

ఆధారం పేజీ మీద లేనప్పుడు థియరీని రెండు ప్రశ్నలతో పరీక్షించవచ్చు. అది కథాలోకం పనిచేసే తీరును వివరిస్తోందా, లేక పైపై పోలికలు పోగుచేస్తోందా? పెద్ద కట్టడం ఉన్నంత మాత్రాన ప్రతి కథా ‘కోట’ కాదు. ప్రవేశానికి అడ్డుపడే నియమం ఉందా, దాని అసలు అవసరం పోయిందా అన్నది చూడాలి. రెండోది, పోలిక ఎక్కడ ఆగిపోతుందో ఆ థియరీ చెప్పగలదా? ‘బ్లామ్!’ను ‘కోట’ పక్కన పెట్టిన థియరీ ఈ రెండు పరీక్షలకూ నిలుస్తుంది. నిహెయ్ కాఫ్కాను అనుసరించాడని అది రుజువు చేయదు, చేయనక్కర్లేదు కూడా. తాము పెట్టిన నియమాల చేతిలోనే మనుషులు చిక్కుకుపోయే స్థితిని 1922లో ప్రాగ్ రచయిత ఒక గ్రామంగా, 1997లో జపాన్ చిత్రకారుడు ఒక నగరంగా ఊహించారని చూపుతుంది. ఒక పుస్తకాన్ని చదివినవాళ్లు రెండోదాన్ని మరింత లోతుగా చదవగలిగితే, ఆ థియరీ తన పని పూర్తిగా చేసినట్టే.